చిన్న పడవ – చవక బ్యాటరీ

పాఠ్యభాగ సందర్భం

యంత్రాలు మనిషి శ్రమను తగ్గించాయి. కాని వాటిని ఎంచుకొనే వివేకాన్ని, పోషించుకొనే బాధ్యతను మాత్రం మనిషికే మిగిల్చాయి. ధర తక్కువగా ఉన్న వస్తువు అన్ని వేళలా చవకైన వస్తువు కాదు. కొన్న తరువాత అది ఎంతకాలం నిలుస్తుంది, అవసరమైన ఘడియలో అక్కరకు వస్తుందా అనే రెండు ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే దాని నిజమైన ఖరీదు తెలుస్తుంది. చేపల వేటకు వాడే చిన్న పడవల మోటారుకు తక్కువ ఖర్చులో బ్యాటరీని ఎంచుకోవడం, దానిని జాగ్రత్తగా కాపాడుకోవడం ఎలాగో వివరిస్తూ ఈ సత్యాన్ని నిరూపించడమే ప్రస్తుత పాఠ్యభాగ ముఖ్యోద్దేశం.

పాఠ్యభాగం

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకొని మిన్నెసోటా రాష్ట్రం ఉంది. ‘పదివేల సరస్సుల నేల’ అని ఆ రాష్ట్రానికి పేరు. పది ఎకరాలు, అంతకు మించిన వైశాల్యం గల సరస్సులే అక్కడ 11,842 ఉన్నాయని ఆ రాష్ట్ర సహజవనరుల శాఖ లెక్క. వేసవి వచ్చిందంటే అక్కడి సామాన్య కుటుంబాలు సైతం చిన్న అల్యూమినియం పడవను కారు వెనుక బండికి కట్టుకొని సరస్సుకు బయలుదేరుతాయి. చేపల వేట వారికి కొంత వినోదం, కొంత ఆహారం, మరికొందరికి జీవనోపాధి.

గాలాన్ని నీటిలో విడిచి, పడవను మెల్లగా నడుపుతూ ఎరను వెంట లాగడాన్ని ఆంగ్లంలో ‘ట్రోలింగ్’ అంటారు. ఈ పనికి పెద్ద పెట్రోలు ఇంజను పనికిరాదు. దాని చప్పుడుకు చేపలు బెదరుతాయి. అంత మెల్లగా నడవడం కూడా దానికి కష్టమే. అందువల్ల బ్యాటరీతో నడిచే చిన్న విద్యుత్ మోటారును పడవ ముందుభాగానగాని, వెనుక భాగానగాని బిగిస్తారు. దీనినే ట్రోలింగ్ మోటారు అని వ్యవహరిస్తారు. తాగునీటిని నిల్వచేసే అనేక జలాశయాలలో పెట్రోలు ఇంజన్లకు అనుమతి ఉండదు. అటువంటి చోట్ల పడవకు ఈ మోటారే ఏకైక ఆధారం.

విద్యుచ్ఛక్తితో పడవను నడపాలన్న ఆలోచన కొత్తది కాదు. 1838లో మోరిట్జ్ జాకోబీ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో నీవా నదిపై విద్యుత్ పడవను నడిపి చూపాడు. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోదగిన సీసపు బ్యాటరీని రూపొందించాడు. 1881లో గుస్తావ్ త్రూవే పారిస్ నగరంలోని సేన్ నదిపై విద్యుత్ పడవను ప్రదర్శించాడు. నేడు కనిపించే ట్రోలింగ్ మోటారుకు మూలపురుషుడు ఓ. జి. ష్మిట్. ఈయన 1934లో, మిన్నెసోటా సరిహద్దును ఆనుకొని ఉన్న ఉత్తర డకోటా రాష్ట్రపు ఫార్గో నగరంలో, ఫోర్డ్ మోడల్-ఎ కారు స్టార్టర్ మోటారుకు వంగే ఇరుసును, చిన్న ప్రొపెల్లరును జతచేసి ఈ యంత్రాన్ని సిద్ధం చేశాడు. రెండు రాష్ట్రాల పేర్లను కలిపి తన సంస్థకు ‘మిన్ కోటా’ అని పేరు పెట్టాడు.

మోటారు ఎంత గొప్పదైనా దానికి ప్రాణం బ్యాటరీయే. సరస్సు నడుమ బ్యాటరీ నీరసిస్తే కలిగే చిక్కు సామాన్యమైనది కాదు. మే నెలలో మిన్నెసోటా సరస్సుల మీద మంచు కరిగిపోయినా నీటి చలి మాత్రం తగ్గదు. ఆ నీటిలో పడిన మనిషి కొద్ది నిమిషాలలోనే కాళ్లూ చేతులూ కొంకర్లు పోయి ఈదే శక్తిని కోల్పోతాడు. ఒడ్డు నుండి లోపలికి వీచే గాలి, శక్తి ఉడిగిన పడవను క్షణక్షణానికీ దూరంగా నెట్టివేస్తుంది. కనుక బ్యాటరీ విషయంలో పొదుపు అంటే కేవలం డబ్బు లెక్క కాదు. క్షేమంగా ఒడ్డు చేరే లెక్క కూడా.

రెండు రకాల బ్యాటరీలు

సామాన్యుడు చేసే మొదటి పొరపాటు కారు బ్యాటరీని తెచ్చి పడవలో పెట్టడం. రెండూ 12 వోల్టులవే. రెండింటిలోనూ సీసపు పలకలు, గంధకామ్ల ద్రావణం ఉంటాయి. పైగా కారు బ్యాటరీ ధర తక్కువ. అయితే ఆ రెండింటి స్వభావాలు వేరు. కారు బ్యాటరీ ఇంజనును కదిలించడానికి కొద్ది సెకన్లపాటు వందలాది ఆంపియర్ల విద్యుత్తును ఒక్కసారిగా ఇవ్వాలి. అందుకోసం దానిలో పలుచని పలకలను ఎక్కువ సంఖ్యలో అమరుస్తారు. ఇంజను నడిచిన వెంటనే ఆ కొద్ది లోటూ తిరిగి పూడిపోతుంది. ట్రోలింగ్ మోటారు అలా కాదు. అది గంటల తరబడి నిలకడగా విద్యుత్తును తోడుకొంటుంది. అలా లోతుగా తోడినప్పుడల్లా పలుచని పలకల మీది పదార్థం రాలిపోతుంది. కొద్ది నెలలలోనే ఆ బ్యాటరీ పనికిరాకుండా పోతుంది.

లోతుగా ఖాళీ అయి, మళ్లీ నిండడానికి అనువుగా చేసిన బ్యాటరీని ‘డీప్ సైకిల్’ బ్యాటరీ అంటారు. దీని పలకలు మందంగా, దిట్టంగా ఉంటాయి. విద్యుత్ కోతల వేళ తెలుగువారి ఇళ్లలో ఫ్యానునూ దీపాన్నీ నడిపే ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఈ కోవకు చెందినదే. పరుగుపందెంలో వంద మీటర్లు దూసుకుపోయే ఆటగాడు వేరు, మూటను భుజాన వేసుకొని పది మైళ్లు నడిచే బాటసారి వేరు. పడవకు కావలసినవాడు బాటసారి.

అంగడిలో ‘మెరైన్’ అనే ముద్ర ఉన్న ప్రతి బ్యాటరీ డీప్ సైకిల్ బ్యాటరీ కాదు. ఇంజనును కదిలించే పనికీ, మోటారును నడిపే పనికీ మధ్యస్థంగా చేసినవి కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. రెండు పనులనూ కొంతవరకు చేస్తాయి గాని, ఏ ఒక్కదానినీ పూర్తిగా చేయలేవు. అందుచేత ముద్రను చూసి కాక, చీటీ మీది అంకెలను చదివి కొనాలి.

చీటీ మీది అంకెలు

చలిలో ఇంజనును కదిలించే శక్తిని తెలిపే అంకెను మాత్రమే పెద్దగా ముద్రించి, వేరే వివరం ఇవ్వకపోతే ఆ బ్యాటరీ ప్రధానంగా ఇంజను కోసమని గ్రహించాలి. ట్రోలింగ్ మోటారుకు కావలసిన అంకెలు రెండు. ఒకటి ‘ఆంపియర్-అవర్’. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే సాధారణంగా 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలపాటు ఇవ్వగలదని అర్థం. రెండవది ‘రిజర్వ్ కెపాసిటీ’. 25 ఆంపియర్ల చొప్పున వాడితే బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో ఇది చెబుతుంది. ఆ నిమిషాలను 25తో గుణించి 60తో భాగిస్తే, ఆ వేగాన వాడినప్పుడు లభించే ఆంపియర్-అవర్లు తెలుస్తాయి. 180 నిమిషాల రిజర్వ్ గల బ్యాటరీ 75 ఆంపియర్-అవర్లు ఇస్తుందన్నమాట.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. సీసపు బ్యాటరీని ఎంత వేగంగా తోడితే అంత తక్కువ ఇస్తుంది. ఈ ధర్మాన్ని 1897లో జర్మన్ శాస్త్రవేత్త పాయికెర్ట్ సూత్రీకరించాడు. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నుండి 40 ఆంపియర్ల చొప్పున తోడితే రెండున్నర గంటలు వస్తుందని కాగితం మీది లెక్క. ఆచరణలో అది ఒకటిన్నర గంట దాటి కొద్దిగా మాత్రమే వస్తుంది. మోటారును పూర్తి వేగంతో నడిపేవాడు రెండు విధాల నష్టపోతాడు: ఎక్కువ వాడుకొంటాడు, తక్కువ పొందుతాడు.

అవసరానికి తగిన కొలత

ట్రోలింగ్ మోటారు శక్తిని గుర్రపు శక్తిలో కాక, పడవను నెట్టే బలాన్నిబట్టి పౌండ్లలో చెబుతారు. పడవ, మనుషులు, సామాను కలిసి ప్రతి 100 పౌండ్ల బరువుకు కనీసం 2 పౌండ్ల తోపుబలం ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. అంతా కలిపి 1,000 పౌండ్ల బరువు తూగే 14 అడుగుల పడవకు ఈ లెక్కన 20 పౌండ్లు చాలు. గాలినీ అలలనూ దృష్టిలో ఉంచుకొని 40 పౌండ్ల మోటారును ఎంచుకోవడం వివేకం. అటువంటి మోటారు పూర్తి వేగంలో సుమారు 42 ఆంపియర్లు తీసుకొంటుంది.

ఆ పడవలో ఇద్దరు వేటకు వెళ్లారనుకొందాం. నాలుగు గంటలపాటు 10 ఆంపియర్ల చొప్పున మెల్లగా తిరిగితే 40 ఆంపియర్-అవర్లు ఖర్చు. ఎదురుగాలిలో అరగంటపాటు 40 ఆంపియర్లతో తిరిగి వస్తే మరో 20. మొత్తం 60. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదన్నది దాని ఆయుర్దాయానికి మూలసూత్రం. కాబట్టి 60 వాడదలచినవారికి కనీసం 120 ఆంపియర్-అవర్ల సామర్థ్యం ఉండాలి.

దీనిని సమకూర్చుకొనే మార్గాలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో పడవ బ్యాటరీలను పరిమాణాన్నిబట్టి 24, 27, 31 అనే వర్గాలుగా విభజిస్తారు. 24వ వర్గం బ్యాటరీలు సాధారణంగా 70 నుండి 85, 31వ వర్గంవి 100 నుండి 110 ఆంపియర్-అవర్ల దరిదాపులలో ఉంటాయి. 24వ వర్గం బ్యాటరీలు రెండింటిని సమాంతరంగా కలిపితే వోల్టేజి 12గానే ఉండి, సామర్థ్యం రెట్టింపు అవుతుంది. అయితే కలిపే రెండూ ఒకే రకానివి, ఒకే వయస్సువి అయి ఉండాలి. కొత్త ఎద్దునూ ముసలి ఎద్దునూ ఒకే కాడికి కట్టినట్లయితే, రెండూ చెడిపోతాయి.

మరో మార్గం గోల్ఫ్ బండ్లలో వాడే 6 వోల్టుల బ్యాటరీలు. రెండింటిని వరుసగా కలిపితే 12 వోల్టులు, సుమారు 220 ఆంపియర్-అవర్లు లభిస్తాయి. రోజంతా బరువు లాగడానికే తయారైనవి కావడం చేత వీటి పలకలు చాలా మందంగా ఉంటాయి. పెట్టిన డబ్బుకు ఇంతటి ప్రతిఫలం ఇచ్చే సీసపు బ్యాటరీలు అరుదు. కాని రెండూ కలిసి 55 నుండి 60 కిలోల బరువు తూగుతాయి. అంటే మరొక మనిషిని ఎక్కించుకొన్నట్లే. తేలికపాటి పడవకు ఈ భారం ప్రమాదకరం కావచ్చు.

కొనుగోలులో వివేకం

ఒకే వర్గానికి చెందిన రెండు సీసపు బ్యాటరీలలో బరువైనదానిని ఎంచుకోవడం మేలు. బరువు ఎక్కువంటే సాధారణంగా సీసం ఎక్కువ ఉందని అర్థం. తయారైన తేదీని తప్పక చూడాలి. చాలా బ్యాటరీల మీద నెలను సూచించే ఒక అక్షరం, సంవత్సరాన్ని సూచించే ఒక అంకె ఉంటాయి. ఆంగ్ల వర్ణమాలలోని మొదటి అక్షరం జనవరికి, రెండవది ఫిబ్రవరికి సంకేతాలు. నెలల తరబడి ఛార్జి లేకుండా అంగడిలో పడి ఉన్న బ్యాటరీ కొనకముందే ముసలిదైపోతుంది. వాడిన బ్యాటరీని కొనదలచినవారు విద్యుత్ భారం (లోడు) పెట్టి పరీక్షించే యంత్రంతో దాని శక్తిని తేల్చుకోవాలి. ఉబ్బిన పెట్టెను, పగిలిన మూతను, కారిన ఆమ్లపు మరకను చూసిన వెంటనే తిరస్కరించాలి.

ఇటీవలి కాలంలో లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలు సామాన్యులకు కూడా అందుబాటులోకి వచ్చాయి. లిథియం అయాన్ బ్యాటరీల రూపకల్పనకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. 100 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీ 28 నుండి 30 కిలోలు తూగితే, అదే సామర్థ్యం గల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ 11 నుండి 13 కిలోలు మాత్రమే ఉంటుంది. దానిలో 80 శాతం వరకు నిస్సంకోచంగా వాడుకోవచ్చు. వేల పర్యాయాలు ఖాళీ చేసి నింపినా నిలుస్తుంది.

అయితే ఏది చవక? ఒక ఊహాత్మకమైన లెక్క దీనిని తేటపరుస్తుంది. కారు బ్యాటరీ 100 డాలర్లు, డీప్ సైకిల్ సీసపు బ్యాటరీ 150 డాలర్లు, లిథియం బ్యాటరీ 300 డాలర్లు అనుకొందాం. కారు బ్యాటరీ 50 ప్రయాణాలకే చెడిపోతే ఒక్కొక్క ప్రయాణానికి 2 డాలర్లు. ఏడాదికి 30 సార్లు వేటకు వెళ్లేవాడి దగ్గర సీసపు బ్యాటరీ ఐదేళ్లు నిలిస్తే 150 ప్రయాణాలు. ప్రయాణానికి 1 డాలరు. లిథియం బ్యాటరీ పదేళ్లు నిలిస్తే 300 ప్రయాణాలు. దానికీ 1 డాలరే. వేల పర్యాయాలు నిలిచే శక్తి ఉన్నా, ఏడాదికి 30 సార్లు వెళ్లేవాడు దానిని వాడుకోలేడు. అటువంటివాడు ముందుగా రెట్టింపు సొమ్ము పెట్టవలసిన పని లేదు. ఇతరులను వేటకు తీసుకువెళ్లడమే ఉపాధిగా గలవాడు ఏడాదికి 100 సార్లు వెళతాడనుకొంటే కథ మారుతుంది. 300 పర్యాయాలు నిలిచే సీసపు బ్యాటరీ అతడికి మూడేళ్లలో అరిగిపోయి ప్రయాణానికి అర డాలరు పడుతుంది. లిథియం పదేళ్లలో 1,000 ప్రయాణాలు చేసి 30 సెంట్లే పడుతుంది. వస్తువు ఆయుష్షు ఎంత అని కాదు, అందులో తాను వాడుకోగలిగినది ఎంత అని లెక్కించాలి.

ఈ లెక్కలో ఎవరి పరిస్థితిలోనైనా ఓడిపోయినది మాత్రం అన్నింటికంటే తక్కువ ధరకు దొరికిన కారు బ్యాటరీయే.

పోషణ

సీసపు బ్యాటరీకి రెండు శత్రువులు: అతిగా ఖాళీ చేయడం, ఖాళీ చేసి వదిలివేయడం. విద్యుత్తు ఖర్చయినప్పుడు పలకల మీద సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే ఛార్జి చేస్తే అది కరిగి యథాస్థితికి వస్తుంది. రోజులు, వారాలు గడిస్తే స్ఫటికాలుగా గట్టిపడి, ఎంత ఛార్జి చేసినా కరగని పొరగా మారుతుంది. అనేక బ్యాటరీలు వాడకం వల్ల కాక, వాడిన తరువాతి నిర్లక్ష్యం వల్ల చనిపోతాయి. అందుచేత వేట ముగించి ఇల్లు చేరిన రోజునే ఛార్జి పెట్టడం మొదటి నియమం.

బ్యాటరీ స్థితిని ఊహతో కాక కొలతతో తెలుసుకోవాలి. ఛార్జి ముగిసి కొన్ని గంటలు విశ్రాంతి తీసుకొన్న సీసపు బ్యాటరీ 12.6 నుండి 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు, 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం. 12 వద్దకు దిగితే పావువంతు మాత్రమే. చిన్న వోల్టుమీటరు ఖరీదు స్వల్పం. అది కాపాడే బ్యాటరీ ఖరీదు అధికం. మోటారు నడుస్తుండగా కనిపించే అంకె తాత్కాలికంగా తగ్గుతుంది గనుక, మోటారును ఆపి కొద్దిసేపు ఆగిన తరువాత చూడాలి. ఇది స్థూలమైన అంచనాయే. మూతలు తెరిచే వీలున్న బ్యాటరీలో హైడ్రోమీటరుతో ఆమ్ల ద్రావణపు సాపేక్ష సాంద్రతను కొలిస్తే మరింత స్పష్టంగా తెలుస్తుంది. నిండు ఛార్జిలో అది సుమారు 1.265 ఉంటుంది. ఆరు గదులలో ఒకటి మిగిలినవాటికంటే బాగా తక్కువ చూపితే ఆ గది చెడిపోతున్నదని గుర్తించాలి.

ఛార్జరు బ్యాటరీ రకానికి తగినదై ఉండాలి. సీసపు బ్యాటరీకి దాని సామర్థ్యంలో పదవ వంతు నుండి ఐదవ వంతు ఆంపియర్ల ఛార్జరు అనుకూలం. నిండిన తరువాత తనంతట తాను తగ్గిపోయే స్వయంచాలక ఛార్జరు వాడితే బ్యాటరీ ఉడికిపోదు. లిథియం బ్యాటరీకి దానికని చేసిన ఛార్జరునే వాడాలి; సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో దానిని ఛార్జి చేయకూడదు.

మూతలున్న బ్యాటరీలో నీటిమట్టాన్ని నెలకొకసారి చూడాలి. ఛార్జి చేసేకొద్దీ నీరు ఆవిరై, వాయువులుగా విడిపోయి తగ్గుతుంది. స్వేదనజలాన్ని మాత్రమే పోయాలి. కుళాయి నీటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. పలకలు బయటపడి ఉంటే ముందుగా అవి మునిగే వరకు పోసి, ఛార్జి చేసిన తరువాత పూర్తి మట్టానికి నింపాలి. ముందే నిండుగా పోస్తే ఛార్జి వేళ ద్రావణం పొంగి బయటకు కారుతుంది. ఆమ్లాన్ని ఎన్నడూ అదనంగా కలపరాదు. తగ్గినది నీరే గాని ఆమ్లం కాదు.

టెర్మినళ్ల మీద చేరే తెల్లని, నీలిరంగు పొర విద్యుత్తుకు అడ్డుపడుతుంది. వంటసోడా కలిపిన నీటితో కడిగి, తీగల బ్రష్షుతో రుద్ది, పొడిగా తుడిచి, పైన పల్చగా గ్రీజు పూస్తే అది మళ్లీ రాదు. కడిగే నీరు మూతల గుండా లోనికి పోకుండా చూడాలి. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకు?

మిన్నెసోటా శీతాకాలం సీసపు బ్యాటరీకి అసలైన పరీక్ష. నిండుగా ఛార్జి అయిన బ్యాటరీలోని ద్రావణం మైనస్ 50 డిగ్రీల చలిలో కూడా గడ్డకట్టదు. ఖాళీ అయినదానిలో ఆమ్లం పలుచబడి దాదాపు నీటివలె మారుతుంది గనుక మైనస్ 10 డిగ్రీల దరిదాపులలోనే గడ్డకట్టి పెట్టెను పగలగొడుతుంది. అందువల్ల వేట కాలం ముగిసిన వెంటనే నిండుగా ఛార్జి చేసి, తీగలు విప్పి, చల్లని పొడి ప్రదేశంలో ఉంచాలి. నెలకొకసారి వోల్టేజి చూసి, 12.4కు తగ్గితే మళ్లీ ఛార్జి చేయాలి. బ్యాటరీని సిమెంటు నేల మీద పెడితే శక్తి కారిపోతుందని నమ్మేవారు ఉన్నారు. పూర్వకాలపు చెక్క, రబ్బరు పెట్టెల విషయంలో ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉండేది. నేటి ప్లాస్టిక్ పెట్టెలకు అది వర్తించదు.

భద్రత

ఛార్జి వేళ సీసపు బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వకే పేలుతుంది. కనుక గాలి ఆడే చోటనే ఛార్జి చేయాలి. దగ్గరలో పొగ తాగరాదు. ఆమ్లం పడితే కళ్లు పోగల ప్రమాదం ఉంది గనుక కళ్లద్దాలు, చేతి తొడుగులు ధరించాలి. పడవలో బ్యాటరీని మూత గల పెట్టెలో ఉంచి, పట్టీతో బిగించాలి. మోటారుకు పోయే తీగ మీద, బ్యాటరీకి దగ్గరగా, తగిన సర్క్యూట్ బ్రేకర్ అమర్చడం అత్యవసరం. తీగ ఒరుసుకుపోయి కలిసినప్పుడు పుట్టే మంటను ఆపేది అదే. అమ్మినవారి సూచనల కంటే మోటారు తయారీదారు సూచించిన మందం గల తీగనే వాడాలి. సన్నని తీగ వేడెక్కి శక్తిని వృథా చేస్తుంది.

అన్ని జాగ్రత్తలూ తీసుకొన్నా పడవలో తెడ్లు ఉండాలి. ప్రతి ఒక్కరి ఒంటిపై ప్రాణరక్షక కవచం ఉండాలి. వేట బాగా సాగుతున్నదని మైమరచి బ్యాటరీని చివరిబొట్టు దాకా వాడరాదు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న తెలుగువారి సామెత సరస్సు నడుమనున్న పడవకు అక్షరాలా వర్తిస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలిలో వెళ్లి, వచ్చేటప్పుడు గాలివాలులో రావడం అనుభవజ్ఞుల పద్ధతి.

చివరకు ఎంతటి బ్యాటరీ అయినా ఒకనాడు ముసలిదవుతుంది. దానిని చెత్తలో పారవేస్తే సీసం నేలనూ నీటినీ విషపూరితం చేస్తుంది. ఏ సరస్సులో చేపలు పట్టుకొన్నారో ఆ సరస్సుకే ద్రోహం చేసినట్లవుతుంది. అమెరికాలో కొత్త బ్యాటరీని కొనేటప్పుడు పాతదానిని తిరిగి ఇస్తే కొంత సొమ్ము వాపసు ఇచ్చే ఏర్పాటు అనేక రాష్ట్రాలలో ఉంది. భారతదేశంలోనూ 2001 నాటి నిబంధనలు పాత సీసపు బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారులపై, విక్రేతలపై ఉంచాయి. వాటి స్థానంలో 2022లో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి.

పనికి తగినదానిని ఎంచుకోవడం, సగంలో ఆగడం, ఆ రోజే నింపడం – ఈ మూడింటిని పాటించినవాని చేతిలో తక్కువ ధర బ్యాటరీ సైతం ఏళ్ల తరబడి సేవ చేస్తుంది. వీటిని మరచినవాని చేతిలో ఖరీదైన బ్యాటరీ కూడా ఒక్క శీతాకాలంతో ముగిసిపోతుంది. చవకదనం అంగడిలో దొరకదు. వాడుకొనేవాని చేతిలో పుడుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

అక్కరకు వచ్చు = అవసరానికి ఉపయోగపడు
జలాశయం = నీరు నిలువ ఉండే చోటు, చెరువు
ఇరుసు = చక్రం తిరగడానికి ఆధారమైన కడ్డీ
ఉడుగు = తగ్గిపోవు, నశించు
కోవ = తెగ, వర్గం
సూత్రీకరించు = నియమంగా రూపొందించు
తోపుబలం = ముందుకు నెట్టే శక్తి
కాడి = ఎద్దుల మెడపై ఉంచే కొయ్య
సాపేక్ష సాంద్రత = నీటితో పోల్చి చెప్పే చిక్కదనం
స్వేదనజలం = ఆవిరి చేసి చల్లార్చిన శుద్ధమైన నీరు
స్వయంచాలకం = తనంతట తాను పనిచేసేది
గాలివాలు = గాలి వీచే దిశ

అభ్యాసం

అ. క్రింది ప్రశ్నలకు వ్యాసరూపంలో సమాధానాలు రాయండి.
1. ట్రోలింగ్ మోటారుకు బ్యాటరీని ఎంచుకొనేటప్పుడు గమనించవలసిన అంశాలను వివరించండి.
2. సీసపు బ్యాటరీ పోషణలో పాటించవలసిన నియమాలను, వాటి వెనుకనున్న కారణాలను తెలపండి.

ఆ. క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. కారు బ్యాటరీకీ డీప్ సైకిల్ బ్యాటరీకీ గల భేదమేమి?
2. ఏడాదికి 30 సార్లు వేటకు వెళ్లేవానికి, 100 సార్లు వెళ్లేవానికి ఒకే బ్యాటరీ ఎందుకు తగినది కాదు?
3. ఖాళీ అయిన బ్యాటరీ శీతాకాలంలో ఎందుకు పగులుతుంది?
4. బ్యాటరీలో నీటిని ఛార్జికి ముందే నిండుగా ఎందుకు పోయరాదు?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. పడవకు కావలసినవాడు బాటసారి.
2. తగ్గినది నీరే గాని ఆమ్లం కాదు.

ఈ. ఒక్క వాక్యంలో సమాధానం రాయండి.
1. మళ్లీ ఛార్జి చేసుకోదగిన సీసపు బ్యాటరీని రూపొందించినవారెవరు?
2. ‘మిన్ కోటా’ అనే పేరు ఎలా ఏర్పడింది?
3. సగం ఛార్జి మిగిలిన సీసపు బ్యాటరీ విశ్రాంతి వేళ ఎన్ని వోల్టులు చూపుతుంది?

ఉ. సంధులు
ముఖ్యోద్దేశం = ముఖ్య + ఉద్దేశం – గుణసంధి
జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి
విద్యుచ్ఛక్తి = విద్యుత్ + శక్తి – శ్చుత్వసంధి

ఊ. సమాసాలు
నీటిమట్టం = నీటి యొక్క మట్టం – షష్ఠీ తత్పురుష సమాసం
మూడేళ్లు = మూడైన ఏళ్లు – ద్విగు సమాసం
ఎదురుగాలి = ఎదురైన గాలి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

ఋ. ఆలోచించి రాయండి.
మీ ఇంటిలోగాని, ఇరుగుపొరుగున గాని ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీని పెద్దల సమక్షంలో పరిశీలించి, దాని సామర్థ్యం, తయారైన తేదీ, నీటిమట్టం ఎలా ఉన్నాయో తెలుపుతూ పది వాక్యాలు రాయండి.